తూములన్నీ ఒకేసారి తెరిచిన రోజు

మునిసిపల్ ఉద్యోగంలో నాకు చివరగా దక్కిన హోదా పేరును ఒక్క గుక్కలో పలకడం రిటైరయ్యే వరకూ నాకు చేతకాలేదు. ప్రాంతీయ స్థానిక సంస్థల సమీకృత సమన్వయ అధికారి. గది తలుపు మీద రాయడానికి వచ్చిన పెయింటరు కాగితాన్ని తిప్పి తిప్పి చూసి, "తలుపు చాలదండి, పక్క గోడ మీదకి పోనిమ్మంటారా?" అని అడిగాడు. పోనిమ్మన్నాను. ప్రాంతీయ విస్తరణకు నా వంతు కృషి అక్కడ మొదలైంది.

ఈ మధ్య వార్డు సచివాలయాల్లోనూ పంచాయతీల్లోనూ కొత్తగా చేరిన పిల్లలు కొందరు మా ఇంటికి వచ్చి "అనుభవాలు చెప్పండి సార్" అని అడుగుతున్నారు. మీకు పనికొచ్చేది నా దగ్గర ఒకటే ఉంది. అది నేను చేసిన తప్పు. ఒప్పులు వినాలనుంటే శాలువాలు కప్పే సభలకు వెళ్ళండి, అక్కడ కావలసినన్ని చెబుతారు.

ముందు పెద్ద జిల్లాలను చీల్చి చిన్నవి చేశారు. పాలన దగ్గరికి వచ్చిందన్నారు, సంతోషించాం. ఆ తర్వాత కొన్నాళ్ళకు, ముక్కల మధ్య కలయిక తగ్గిపోయిందని పైవాళ్ళకు దిగులు పట్టుకుంది. పట్టణం ఒక దారి, పల్లె ఒక దారి అయితే ప్రాంతం ఎలా ఎదుగుతుందని అడిగారు. అడగవలసిన ప్రశ్నే. మా పట్టణం చెత్త పక్క పంచాయతీ పొలిమేరలో పడేది, పక్క పంచాయతీ పందులు మా వీధుల్లో తిరిగేవి. అంతకు మించి మా మధ్య సంబంధం ఉన్నట్టు ఏ ఫైలులోనూ లేదు. అందుకని కాలువ వెంట ఉన్న మా మునిసిపాలిటీనీ, దాని కింద వరసగా ఉన్న నాలుగు పంచాయతీలనూ కలిపి ఒక సమీకృత ప్రాంతం అన్నారు. కమిటీ వేశారు. మంచినీటి విభాగంలో ముప్పై ఏళ్ళు పైపుల వెంట తిరిగిన నన్ను తెచ్చి ఆ కమిటీకి సమన్వయ అధికారిగా కూర్చోబెట్టారు. పట్టణం పేరూ ఊళ్ళ పేర్లూ చెప్పను. చెబితే అందరూ నాకు ఫోన్ చేసి, అది తమ ఊరి గురించి కాదని వాదిస్తారు.

మొదటి మూడు సమావేశాలూ కుర్చీల మీద నడిచాయి. మా చైర్మన్ గారు పట్టణ ప్రథమ పౌరుడు కాబట్టి ఆయన కుర్చీ ఎత్తుగా ఉండాలని ఒక వాదన. సర్పంచులూ ఎన్నికైనవాళ్ళే కదా అని ఇంకో వాదన. చివరికి అందరికీ ఒకే రకం ప్లాస్టిక్ కుర్చీలు వేసి, చైర్మన్ గారి కుర్చీ వెనక మాత్రం తెల్ల తువ్వాలు వేశాం. నాలుగో సమావేశానికి నలుగురు సర్పంచులూ తలో తువ్వాలు తెచ్చుకున్నారు. ఐదో సమావేశానికి గానీ ప్రాంతం అనే మాట రాలేదు.

తువ్వాలు తెచ్చుకోని సర్పంచి ఒకరు ఉండాలి కదా అంటారేమో. ఆవిడా తెచ్చుకున్నారు. కాకపోతే చెమట తుడుచుకోవడానికి. కాలువ చిట్టచివరి ఊరి సర్పంచి ఆవిడ, మిషన్ స్కూల్లో పిల్లలకు లెక్కలు చెప్పి రిటైరైన టీచరు. అందరూ టీచరుగారనే అంటారు. మిగతా ఊళ్ళలో ఆడ సర్పంచుల తరఫున భర్తలు వచ్చి మాట్లాడేవారు. ఈవిడ భర్త కూడా వచ్చేవారు, కాకపోతే మోటారు సైకిల్ మీద దింపి, సమావేశం అయ్యేదాకా బయట పేపరు చదువుకునేవారు. మా చైర్మన్ గారికి ఆ ఏర్పాటు ఎందుకో చాలా ఇబ్బందిగా ఉండేది.

ఇప్పుడు కాలువ సంగతి కొంచెం చెప్పాలి, లేకపోతే నా తప్పు మీకు అర్థం కాదు. ధవళేశ్వరం నుంచి వచ్చే కాలువలను ఎండాకాలంలో మరమ్మతుల కోసం కట్టేస్తారు. మళ్ళీ తెరిచే దాకా ప్రతి ఊరూ తన మంచినీళ్ళ చెరువు మీదే బతకాలి. అందుకని కట్టే ముందు చెరువులన్నీ నింపుకుంటారు. కాలువ గట్టుకు తూము, తూముకు ఇనప తలుపు, ఆ తలుపు ఎత్తడానికి తిప్పే హేండిల్. అంతే యంత్రాంగం. శివారు ఊరు, అంటే టీచరుగారి ఊరు, సముద్రానికి దగ్గర. అక్కడ బోరు వేస్తే ఉప్పు నీళ్ళు పడతాయి. చెరువు నిండకపోతే తాగడానికి వేరే దారి లేదు.

మా హయాంకు ముందు ఈ నింపడం ఎలా జరిగేదంటే, కాలువ మీద పనిచేసే లస్కర్ ఒకాయన ఉండేవాడు. వాళ్ళ నాన్నా ఆ పనే చేశాడు. చెరువులు నింపే రోజులు రాగానే ఆయన సైకిల్ మీద ఊరూరూ తిరిగి తూముల హేండిళ్ళన్నీ పట్టుకొచ్చి తన పాకలో పెట్టుకునేవాడు. ముందు శివారు ఊరి హేండిల్ ఒక్కటే బయటికి ఇచ్చేవాడు. వాళ్ళ చెరువు నిండాక దాని పై ఊరిది, ఆ తర్వాత దాని పై ఊరిది. అందరికంటే చివర, కాలువకు అందరికంటే ముందున్న మా పట్టణానిది. దీనికి జీవో లేదు, తీర్మానం లేదు. ఇన్నేళ్ళూ ఎవరూ ఎందుకని అడగనూ లేదు.

మేం అడిగాం. అందుకే కదా కమిటీ వేసింది.

కాకినాడలో ఒక హోటల్లో వర్క్‌షాప్ పెట్టారు. ఢిల్లీ నుంచి వచ్చిన కన్సల్టెంటు గారు తెర మీద రంగురంగుల బాణాలు చూపించి, ఈ ప్రాంతంలో స్థానిక సంస్థల మధ్య వ్యవస్థీకృత సహకారం శూన్యమన్నారు. టీచరుగారు చెయ్యెత్తి, "మా నీళ్ళ వంతు సహకారం కాదాండి?" అని అడిగారు. అది సంప్రదాయమే గానీ వ్యవస్థ కాదని ఆయన ఎంతో మర్యాదగా చెప్పారు. కాగితం మీద లేనిది కొలవడం కష్టమట. భోజనాల దగ్గర ఆయన నన్ను పక్కకు పిలిచి, ఏదైనా కంటికి కనబడే ఉమ్మడి కార్యక్రమం ఒకటి తయారు చెయ్యమన్నారు.

తయారు చేశాను. నిజం చెప్పాలంటే ఉత్సాహంగానే చేశాను. ఆ హోదా వచ్చాక అంత ఇష్టంగా చేసిన పని ఇంకోటి లేదు. ఒకే ప్రాంతం, ఒకే రోజు, ఒకే గంట. కాలువ కట్టేసే రోజుతో కలిపి ఐదు రోజులు మిగిలి ఉండగా, పొద్దున్న పది గంటలకు, చైర్మన్ గారూ నలుగురు సర్పంచులూ తమతమ తూములను ఒకేసారి తెరుస్తారు. ఐదుచోట్లా ఫోన్లలో వీడియో, మా సమావేశ మందిరంలో పెద్ద తెర మీద ఐదు గడుల్లో ఐదు తూములు. సమానత్వం ఇంతకంటే ఎలా చూపిస్తారో మీరే చెప్పండి. వంతు అనే మాటలోనే ఒకరు ముందు ఒకరు వెనక అనే భావం ఉంది కాబట్టి అది సమీకృత స్ఫూర్తికి విరుద్ధమని నోట్ ఫైల్లో రాశాను. ఆ వాక్యం రాశాక కుర్చీలో వెనక్కి వాలి ఇంకోసారి చదువుకున్నాను కూడా.

ప్రతి పంచాయతీకీ, మా పట్టణానికీ కొత్త హేండిల్ చేయించాం, వాటికి సరిపడేలా తూము తలుపులూ మార్పించాం. నీలం రంగు, మీద సమీకృత ప్రాంతం గుర్తు. పాతవి లస్కర్ దగ్గర ఉంటే ఉండనీ, ఇక ఎవరి హేండిల్ వాళ్ళదే. అవి పంచిన రోజున లస్కర్ నా గదికి వచ్చాడు. తలుపు మీద నుంచి గోడ మీదకి వెళ్ళిన నా హోదాను ఒకసారి చూసి లోపలికి వచ్చి నిలబడ్డాడు.

"అయ్యగారూ, అన్నీ ఒక్కసారే తీసేత్తే కిందకి ఏటెళ్తాదండి?"

"కాలువలో సరిపడా నీళ్ళున్నాయి. ఐదు చెరువులకూ లెక్క కట్టాను" అన్నాను.

"ఆయ్. నీళ్ళుంటాయండి. ఎత్తుండదండి."

ఆ మాట నాకు అర్థం కాలేదు. అర్థం కాలేదని చెప్పడానికి సమన్వయ అధికారి హోదా అడ్డొచ్చింది. "చూద్దాంలే" అన్నాను. మా ఆఫీసుల్లో ఆ మాటకు వెళ్ళి రమ్మని అర్థం. ఆయన వెళ్ళిపోయాడు.

కార్యక్రమం బ్రహ్మాండంగా జరిగింది. చైర్మన్ గారు తిప్పిన హేండిల్‌కు బంతిపూల దండ వేశారు. తెర మీద ఐదు గడుల్లో ఐదుగురు ఒకేసారి తిప్పారు. మందిరంలో అందరూ చప్పట్లు కొట్టారు. కమిటీ వాట్సాప్ గ్రూపులో చేతులు జోడించిన బొమ్మలు సాయంత్రం దాకా వస్తూనే ఉన్నాయి. దండతో సహా ఆ హేండిల్‌ను చైర్మన్ గారి గదిలో అద్దాల బీరువాలో, ఆయన షటిల్ కప్పుల పక్కన పెట్టారు.

మూడో రోజు పొద్దున్నే టీచరుగారు ఫోన్ చేశారు.

"సమన్వయ అధికారిగారాండి? మీరు గ్రూపులో పెట్టిన ఫొటో చాలా బాగుందండి. మా తూము నేను తిప్పుతున్నట్టు ఉంది."

"మీరేగా అండీ తిప్పింది."

"నేనే తిప్పానండి. నీళ్ళు రాలేదు. ఫొటోలో అది తెలియట్లేదు."

రెండు రోజులు ఎందుకు ఆగారని అడిగాను. ఇంత లెక్కలు కట్టినవాళ్ళు కదా, వస్తాయేమోనని చూశామన్నారు. మధ్యలో ఆదివారం వచ్చిందట. చర్చిలో అధికారుల జ్ఞానం కోసం ప్రత్యేకంగా ప్రార్థన చేయించారట. వెటకారంగా అన్నారా, మామూలుగా అన్నారా అనేది ఈనాటికీ నాకు తేలలేదు.

లస్కర్‌ను స్కూటర్ వెనక ఎక్కించుకుని శివారుకు వెళ్ళాను. కాలువలో నీళ్ళున్నాయి. పారుతున్నాయి కూడా. కానీ తూము గుమ్మానికి జానెడు కింద పారుతున్నాయి. పైన నాలుగు తూములు బార్లా తెరిచి ఉంటే కాలువ మట్టం దిగిపోయింది. శివారు తూము గుమ్మం ఎత్తు ఎక్కువ. నీళ్ళు దాన్ని ఎక్కలేవు. ఆయన ఎత్తుండదన్నది ఇదీ. ఈ లెక్క ఏ ఇంజనీరింగ్ కాలేజీలోనైనా మొదటి ఏడాదే చెబుతారు. నాకూ చెప్పారు. ముప్పై ఏళ్ళు ఉద్యోగం చేసి, ఒక రంగు బాణాల బొమ్మ చూడగానే మర్చిపోయాను.

చెరువు అడుగున పచ్చటి మడుగు ఒకటి మిగిలింది. దాని చుట్టూ పగుళ్ళు. గట్టు మీద ఆడవాళ్ళు పదిమంది దాకా బిందెలతో నిలబడి ఉన్నారు. ఒక్కరూ నన్ను తిట్టలేదు. తిడితే బాగుండునని నిజంగా అనిపించింది. ఒకావిడ మాత్రం టీచరుగారిని, "ఈయనేనాండీ, మన తూముని టీవీలో చూపించిందీ?" అని అడిగింది.

"కాలువ ఎల్లుండి సాయంత్రం కట్టేస్తారండి" అన్నారు టీచరుగారు. "మా చెరువు నిండడానికి రెండున్నర రోజులు పడుతుంది. ఇప్పుడు మొదలుపెట్టినా నిండదు. మొదలుపెట్టకపోతే అసలే లేదు. లెక్క మీకు తెలుసు కదా."

నేను చెయ్యవలసిన పద్ధతి ప్రకారమే చేశాను. అక్కడే నిలబడి వాట్సాప్ గ్రూపులో పెట్టాను: శివారు చెరువుకు నీళ్ళు అందడం లేదు, పై తూములన్నీ వెంటనే మూయవలెను. అరగంటలో ఇరవై జతల చేతులు జోడించి వచ్చాయి. ఎవరో గులాబీ పువ్వుతో శుభోదయం పెట్టారు. తూము మాత్రం ఒక్కటీ మూయలేదు. పై మూడు ఊళ్ళ వాళ్ళకూ విడివిడిగా ఫోన్ చేశాను. ముగ్గురూ ఒకే మాట చెప్పారు, ప్రాంతీయ ఏకాభిప్రాయం అంత పూర్తిగా కుదరడం మళ్ళీ నేను చూడలేదు.

"ముందు మీ టౌనోళ్ళని కట్టమనండి. తర్వాత మేం చూత్తాం."

టౌనుకు వచ్చాం. ముందు మా చెరువు దగ్గరకే వెళ్ళాను. అక్కడ చూసింది చెప్పడానికి ఇప్పటికీ సిగ్గుగానే ఉంటుంది. మా చెరువు ముందు రోజు మధ్యాహ్నానికే నిండిపోయింది. తూము ఇంకా తెరిచే ఉంది. నిండిన నీళ్ళు అవతల, చెరువు పొర్లిపోయే కలుజు మీదుగా దూకి మురిక్కాలువలో పడుతున్నాయి. చల్లగా, తేటగా, రాత్రనక పగలనక. వాచ్‌మన్ గట్టు మీద చాప వేసుకుని కూర్చున్నాడు.

"నిండిపోయింది కదయ్యా, ఎందుకు కట్టలేదు?" అని అరిచాను.

ఆయన కంగారుగా లేచి చొక్కా జేబులోంచి మడత కాగితం తీశాడు. "ఐదు రోజులు తీసి ఉంచాలని ఉందండి సార్. సమీకృత కార్యక్రమం కదాండి. ఒకళ్ళు ముందు కట్టేత్తే సమానంగా ఉండదంట. కింద సంతకం మీదేనండి."

నాదే. ఆ వాక్యం కూడా నాదే.

వెళ్ళి కమిషనర్ గారిని కలిశాను. మంచి కుర్రవయసు, నా పట్ల గౌరవం, అన్నీ ఉన్న మనిషి. అంతా విని చాలా బాధపడ్డారు. "కానీ సార్, ఇది కమిటీ కార్యక్రమం. మునిసిపాలిటీ తనంతట తాను తూము మూస్తే ఏకపక్ష నిర్ణయం అవుతుంది. కమిటీని పిలుద్దాం" అన్నారు. కమిటీని పిలవడానికి వారం రోజుల నోటీసు ఇవ్వాలి. ఆ నిబంధన రాసిందీ నేనే. "ఎల్లుండి సాయంత్రం కాలువ కట్టేస్తారండి" అన్నాను. "మరి ఇరిగేషన్ వాళ్ళను ఒక వారం పొడిగించమని లెటర్ పెడదామా?" అన్నారు. పెట్టండి అని చెప్పి బయటికి వచ్చాను.

చైర్మన్ గారికి ఫోన్ చేశాను. ఆయన అన్నవరం కొండ మీద వ్రతంలో ఉన్నారట. ఆయన తమ్ముడు ఫోన్ ఎత్తి, "మన ఊరి నీళ్ళు ఆపమని మన ఊరి ఆఫీసరే అడుగుతున్నాడంటే అన్నయ్య పీటల మీంచి లేచిపోతారండి" అన్నాడు.

లస్కర్ మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. నన్ను చూడగానే లేచాడు.

"అయ్యగారూ, ఆ హేండిల్ ఓ పాలి ఇప్పించండి. మా పాకలో ఉన్న పాతది మీ కొత్త తలుపుకి పట్టదండి. నేను చూసొచ్చాను."

చైర్మన్ గారి గది తీసే ఉంది. అటెండరు ఫ్యాన్ కింద పేపరు చదువుతున్నాడు. నేను బీరువా తలుపు తీశాను, హేండిల్ తీశాను, వాడిపోయిన దండను షటిల్ కప్పు మీద వేశాను. "ఎక్కడికండి సార్?" అన్నాడు అటెండరు. "సమన్వయానికి" అని చెప్పి వచ్చేశాను. సర్వీసు మొత్తంలో లిఖితపూర్వక అనుమతి లేకుండా నేను చేసిన పని అదొక్కటే.

మా తూము నేనే మూశాను. వాచ్‌మన్ కాగితం చూపిస్తూ పక్కనే నిలబడ్డాడు. కాగితం కింద తూము మూయించడమైనదని రాసి సంతకం పెట్టి ఇస్తే, ఆయన మనసు కుదుటపడింది.

అక్కడి నుంచి కాలువ గట్టు మీద కిందికి బయల్దేరాం. వెనక లస్కర్, ఆయన ఒళ్ళో మా పట్టణం హేండిల్. మొదటి ఊళ్ళో సర్పంచి భర్త వరండాలో ఉన్నారు. ఫోన్లో ఎంత గట్టిగా మాట్లాడారో, ఆ నీలం హేండిల్ చూడగానే అంత మెత్తబడ్డారు. "టౌనోళ్ళు నిజంగానే ఇచ్చేశారేటండి?" అన్నారు. ఇచ్చేశారనే చెప్పాను. అబద్ధమే. లోపలికి వెళ్ళి తమ హేండిల్ తెచ్చి లస్కర్ చేతిలో పెట్టారు. నా చేతిలో కాదు. రెండో ఊళ్ళో చెరువు ఇంకా నిండలేదు. వాళ్ళు భయపడ్డారు. "శివారు నిండాక మాది నిండకపోతే ఎవరిదండి బాధ్యత?" అని అడిగారు. మామూలుగా అయితే కమిటీది అనేవాణ్ణి. ఈసారి నాది అని రాసిచ్చాను. మూడో ఊళ్ళో మాటలే అవసరం పడలేదు. పెద్దాయన ఒకరు లస్కర్‌ను చూసి, "ఈ ఏడు ఇంత ఆలిస్యవైందేరా? హేండిళ్ళకి రాలేదేటని అడుగుదావనుకుంటన్నాను" అన్నారు. ఆ పెద్దాయనకు మేం సమీకృతమైన సంగతే తెలియలేదన్నమాట.

ఒక్క మధ్యాహ్నంలో లస్కర్ ఒళ్ళోకి నాలుగు హేండిళ్ళు వచ్చాయి. నా కమిటీకి రెండేళ్ళలో నాలుగు తువ్వాళ్ళు వచ్చాయి. ఈ రెంటికీ మధ్య తేడా ఏమిటని మీరు అడిగితే, నా దగ్గర పవర్ పాయింట్ లేదు.

పొద్దువాలే వేళకు శివారు తూములోకి నీళ్ళు ఎక్కాయి. ముందు నురగ, తర్వాత చెత్త, తర్వాత నీళ్ళు. టీచరుగారు గట్టు మీద కుర్చీ వేయించుకుని కూర్చుని చూశారు. నాకూ ఒక కుర్చీ వేయించారు. రెండూ ఒకే ఎత్తువి.

ఇక్కడితో కథ సుఖాంతం చేస్తే నాకు శాలువా వచ్చేది. కానీ కాలువ చెప్పిన రోజునే, చెప్పిన గంటకే కట్టేశారు. పొడిగించమని కమిషనర్ గారు పెట్టిన ఉత్తరానికి జవాబు వచ్చేసరికి కాలువలు మళ్ళీ తెరిచారు. శివారు చెరువు సగం కంటే కొంచెం ఎక్కువ నిండింది. రెండో ఊరిది మాత్రం, లస్కర్ చివరి పూట తంటాలు పడి, ఎలాగో నింపాడు.

శివారు వాళ్ళు ఆ సగాన్ని పొదుపుగా వాడుకున్నా, కాలువ తెరవడానికి మూడు వారాల ముందే అయిపోయింది. అప్పుడు ట్యాంకర్లు పంపాం. మొదటి ట్యాంకరుకు చైర్మన్ గారు జెండా ఊపారు. ప్రాంతీయ సౌభ్రాతృత్వం అని బ్యానర్ కట్టారు. ఆ ట్యాంకర్లో ఉన్నది మా చెరువు నీళ్ళు, అంటే ఒక రోజంతా మురిక్కాలువలోకి మేం వదిలేసిన నీళ్ళకు తోబుట్టువులు. ఇక వార్షిక నివేదికలో కన్సల్టెంటు గారు, ఐదు స్థానిక సంస్థలూ నూటికి నూరు శాతం పాల్గొన్న కార్యక్రమమని రాశారు. అందులో అబద్ధం ఏమీ లేదు. నాకు మాత్రం మునిసిపల్ ఆస్తి అయిన హేండిల్‌ను అనుమతి లేకుండా తరలించినందుకు మెమో వచ్చింది.

రిటైర్మెంటుకు పది రోజులుందనగా ఒక ట్యాంకరు వెంట నేనూ శివారుకు వెళ్ళాను. వెళ్ళమని ఎవరూ చెప్పలేదు. ఇంట్లో కుళాయి తిప్పినప్పుడల్లా ఆ బిందెలు గుర్తొస్తున్నాయి, ఉండలేక వెళ్ళాను. ట్యాంకరు చుట్టూ తోపులాట. ఒక ముసలావిడ బిందె సగం నిండగానే ట్యాంకరు ఖాళీ అయిపోయింది. ఆవిడ ఆ సగం బిందెనే చంకన పెట్టుకుని వెళ్ళిపోయింది.

పంచాయతీ ఆఫీసులో టీచరుగారి ముందు కూర్చుని, "నా తప్పేనండి" అన్నాను. ఎన్నాళ్ళ నుంచో గొంతులో ఉన్న మాట. అన్నాక తేలిక పడుతుందనుకున్నాను. టీచరుగారు అంత తేలిగ్గా వదిలే మనిషి కాదు.

"తప్పని మీ నోటితో మీరే అన్నారు, చాలా సంతోషమండి. మరి అది రాసివ్వండి."

"రాసివ్వాలా?"

"వచ్చే ఏడు మీరుండరు. ఇంకొకాయన వస్తారు. ఆయనా లెక్క కడతారు. ఆయనకి చూపించడానికి మా దగ్గర ఏముందండి? లస్కర్ గారి మాట కాగితం కాదని మీ వర్క్‌షాపులోనేగా అన్నారు."

తెల్లకాగితం ఒకటి ముందుకు తోశారు. రాశాను. సాంకేతిక కారణాల వల్ల శివారు చెరువునకు నీరు అందలేదు అని మొదలుపెట్టాను. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని చదివి, కాగితాన్ని వెనక్కి జరిపారు.

"ఈ సాంకేతిక కారణం ఏ ఊరాయనండి? మా ఊరైతే ఎప్పుడూ రాలేదే."

రెండో కాగితం ఇచ్చారు. ఈసారి ఉన్నదున్నట్టు రాశాను. శివారు చెరువు నిండాకే పై ఊళ్ళ తూములు తెరవాలి. అన్నీ ఒకేసారి తెరిస్తే ఇక్కడికి నీళ్ళు ఎక్కవు. నేను అన్నీ ఒకేసారి తెరిపించాను. లస్కర్ వద్దన్నాడు, నేను వినలేదు. ఈ ఊరివాళ్ళు మూడు వారాలు తాగునీళ్ళకు అల్లాడింది నా వల్ల. కింద సంతకం పెట్టి, రెండు లైన్ల హోదా కూడా పూర్తిగా రాశాను. ఆవిడ చదివి, పిల్లల నోట్సు మీద పెట్టినట్టు మూలన ఒక టిక్కు పెట్టారు. నిజం చెబుతున్నాను, ఏ ప్రశంసాపత్రానికీ నా కళ్ళల్లో అలా నీళ్ళు తిరగలేదు.

మరుసటి ఏడాది అవే రోజుల్లో, నా తర్వాత ఆ కుర్చీలోకి వచ్చినాయన ఫోన్ చేశారు. ఒకే గంట కార్యక్రమాన్ని ఈసారి ఇంకా ఘనంగా, డ్రోన్లతో ప్లాన్ చేశారట. శివారు పంచాయతీ ఆఫీసుకు చెప్పడానికి వెళితే, నా కాగితాన్ని ఫ్రేము కట్టి గోడకు తగిలించి ఉందట.

"చదివాను సార్" అన్నారు. గొంతు కొంచెం పీలగా ఉంది. "టీచరుగారు పెన్నూ తెల్లకాగితం నా ముందు పెట్టారు సార్. ఒకే గంటకి తెరవాలనుకుంటే తెరవండి గానీ, మీదీ ఇప్పుడే ముందుగా రాసి ఉంచెయ్యండి అన్నారు."

"రాశారా?"

"లేదు సార్. హేండిళ్ళు లస్కర్‌కి ఇచ్చెయ్యమని చెప్పొచ్చాను."

ఆ ఏడాది శివారు చెరువు ముందు నిండింది. ఆ తర్వాత మూడో ఊరు, రెండో ఊరు, మొదటి ఊరు. చివరి పూట గానీ మా పట్టణం తూము తెరుచుకోలేదు. ఆ వారంలో ఒక సాయంత్రం చైర్మన్ గారు స్వయంగా మా ఇంటికి ఫోన్ చేశారు. చాలాసేపు తిట్టారు. నేను కుర్చీ లాక్కుని కూర్చుని, ఒక్క మాటా పోకుండా విన్నాను.

"మన ఊరి మనిషయ్యుండి, మన టౌన్ని తీసుకెళ్ళి శివారు చేసేశావు కదయ్యా!" అన్నారు చివరికి.

"అవునండి" అన్నాను.